అవతలి కుర్చీలో మనిషి ఉన్నాడా? రిమోట్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న

తెనాలిలో మా నాన్నగారి ప్రింటర్ మొండికేసిన రోజున నేను హైదరాబాద్‌లో ఉన్నాను. "కింద కుడి మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాని మీద నొక్కండి నాన్నగారూ" అని నేను, "ఇక్కడ బాణాలేమీ లేవురా, గడియారం ఒక్కటే కనబడుతోంది" అని ఆయన, నలభై నిమిషాలు ఫోనులో కుస్తీ పట్టాం. చివరికి ఆయన చేత ఒక సాఫ్ట్‌వేర్ దింపించి, ఆయన తెరను నా తెర మీద చూసుకుంటూ మూడు నిమిషాల్లో పని ముగించాను. ఆ ఊపులో అదే సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాద్ ఇంట్లోని నా డెస్క్‌టాప్‌లోనూ పెట్టి, పండక్కి తెనాలి వెళ్ళాను. ఒక ఫైలు అవసరమై అక్కడి నుంచి కలపబోతే, అవతలి వారి అనుమతి కోసం ఎదురుచూస్తున్నానని చెప్పి ఆగిపోయింది. తాళం వేసిన ఇంట్లో, ఖాళీ కుర్చీ ముందు, "అనుమతించు" అనే బటన్ వెలుగుతూ ఉండి ఉంటుంది. నొక్కే నాథుడు లేడు.

అందుకే ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌ను నడపడానికి ఏది మంచిదని ఎవరైనా అడిగితే, నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: అవతలి కుర్చీలో మనిషి ఉంటాడా, ఉండడా? మనిషి ఉంటే మీకు కావలసింది సాయం చేసే పనిముట్టు. ఇద్దరూ ఒకే తెరను చూడాలి, పని అయ్యాక దారి మూసుకుపోవాలి. కుర్చీ ఖాళీ అయితే కావలసింది మీ ఇంటికి మీ తాళంచెవి. ఎవరూ తలుపు తీయకుండానే మీరు లోపలికి పోవాలి, మీరు తప్ప మరొకరు పోకూడదు. ఈ రెండు అవసరాలకూ ఒకే సాఫ్ట్‌వేర్ పనికొస్తుందని ప్రకటనలు చెబుతాయి. పనికొస్తుంది కూడా, కానీ ఒక పనికి చక్కగా అమరింది రెండో పనికి తరచు అరకొరగానే ఉంటుంది.

ముందు ఇంట్లోనే నేర్చుకోండి

దూరపు కంప్యూటర్‌తో మొదలుపెడితే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. ఒకే వైఫై మీద ఉన్న రెండు కంప్యూటర్లతో ఒక సాయంత్రం గడపండి. విండోస్ వాడేవారికి ఇందుకు కొత్తగా ఏదీ కొననక్కరలేదు. మైక్రోసాఫ్ట్ వారి రిమోట్ డెస్క్‌టాప్ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్‌తో మొదలై, 2001లో విండోస్ ఎక్స్‌పీతో మామూలు కంప్యూటర్లలోకి వచ్చింది. ఇప్పటికీ విండోస్‌లోనే ఉంది. మెలిక ఒకటే. నడపబోయే కంప్యూటర్‌లో విండోస్ ప్రో గాని, అంతకు పైది గాని ఉండాలి. దుకాణంలో కొన్న లాప్‌టాప్‌లలో చాలా వాటికి హోమ్ అనే రకం విండోస్ ఉంటుంది. హోమ్ నుంచి ఇతర కంప్యూటర్లను నడపవచ్చు, హోమ్‌ను ఇంకొకరు నడపలేరు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో చివరన అబౌట్ తెరిస్తే మీది ఏదో తెలుస్తుంది.

ప్రో ఉందనుకుందాం. అవతలి కంప్యూటర్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్ అన్న దారిన వెళ్ళి మీట ఆన్ చేయండి. అక్కడే కమాండ్ ప్రాంప్ట్ అనే, ఆదేశాలు కొట్టే నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే 192.168తో మొదలయ్యే అంకెలు కనిపిస్తాయి. అది ఇంటి వరకే చెల్లే చిరునామా. ఇవతలి కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి ఆ అంకెలు ఇవ్వండి. పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. రోజూ నాలుగంకెల పిన్‌తో విండోస్‌లోకి వెళ్ళే అలవాటున్న వారికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఆ పిన్ ఆ యంత్రానికే పరిమితం, బయటి నుంచి చెల్లదు. అసలు పాస్‌వర్డు కావాలి. పాస్‌వర్డు లేకుండా వదిలేసిన ఖాతానైతే విండోస్ అసలు రానివ్వదు. నాకు తెలిసిన ఒకాయన ఈ రెండు విషయాలూ తెలియక, రౌటర్ పాడైందని కొత్తది కొన్నాడు.

తర్వాత ఒక హెచ్చరిక వస్తుంది, అవతలి కంప్యూటర్ ఎవరిదో నిర్ధారించలేకపోతున్నానని. సర్టిఫికెట్‌ను, అంటే గుర్తింపు పత్రాన్ని, ఆ కంప్యూటర్ తనకు తానే ఇచ్చుకుంది కాబట్టి అలా అంటుంది. మీ ఇంట్లో, మీ యంత్రమే అయితే ముందుకు వెళ్ళవచ్చు. అప్పుడు చూడండి: మీ తెర మీద అవతలి డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది, అవతలి తెర మీద మాత్రం లాక్ స్క్రీన్ పడిపోతుంది. అక్కడ కూర్చున్న వారికి మీరు చేసేది ఏదీ కనిపించదు. వాళ్ళు లాగిన్ అయితే మీరు బయటికి వచ్చేస్తారు. రిమోట్ డెస్క్‌టాప్ స్వభావమంతా ఆ ఒక్క దృశ్యంలోనే ఉంది. అది ఖాళీ కుర్చీ కోసం పుట్టిన పనిముట్టు. నాన్నగారి ప్రింటర్ బాగు చేయడానికి పనికిరాదు, ఎందుకంటే నేను లోపలికి వెళ్ళగానే ఆయన తెర మూసుకుంటుంది.

అభ్యాసంలో ఉండగానే ఇంకో రెండు నేర్చుకోండి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కితే అది మీ కంప్యూటర్‌కే తగులుతుంది, అవతలికి పోవాలంటే డిలీట్ బదులు ఎండ్ నొక్కాలి. కలిపే ముందు లోకల్ రిసోర్సెస్ అనే చోట మీ డ్రైవ్‌ను ఎంచుకుంటే, మీ ఫైళ్ళు అవతలి కంప్యూటర్‌లో ఒక డ్రైవ్‌లా కనిపిస్తాయి.

కుర్చీలో మనిషి ఉన్నప్పుడు

ఇద్దరి దగ్గరా విండోస్ 10 గాని 11 గాని ఉంటే నా ఓటు క్విక్ అసిస్ట్‌కే. విండోస్‌తో పాటే వస్తుంది. కంట్రోల్, విండోస్, క్యూ మీటలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సాయం చేసేవారికి మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే చాలు, సాయం పొందేవారికి ఏ ఖాతా అక్కరలేదు. మీరు ఒక కోడ్ చదివి వినిపిస్తారు, వారు దాన్ని కొట్టి అనుమతిస్తారు. ఆ కోడ్ కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. పెద్దవాళ్ళ కంప్యూటర్‌లో తర్వాత ఏ తలుపూ తెరిచి ఉండకపోవడమే నాకు నచ్చిన గుణం.

లోపం కూడా ఉంది. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే విండోస్ తెరను మసకబరిచి "మార్పులు చేయనివ్వమంటారా?" అని అడుగుతుంది కదా, ఆ క్షణంలో మీ వైపు తెర ఆగిపోతుంది. ఆ "ఎస్" అవతలివారే నొక్కాలి. తెలియకపోతే కనెక్షన్ పోయిందని ఫోను పెట్టేస్తారు. నేను ముందే చెప్పి ఉంచుతాను: "తెర నల్లబడి ఒక ప్రశ్న వస్తుంది నాన్నగారూ, నన్ను అడిగి ఎస్ అనండి." ఇన్ని జాగ్రత్తలు చెప్పినా ఆయన చేయి మౌసు మీదే ఉంటుంది. బాణం ఇద్దరి మధ్య అటూ ఇటూ గింజుకుంటుంటే, "ఏరా, నువ్వు కదుపుతున్నావా, నేను కదుపుతున్నానా?" అని అడుగుతారు. ఈ ఇబ్బందికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. మౌసు వదిలి కాఫీ గ్లాసు పట్టుకోమని చెప్పడమే.

ఒకరిది విండోస్, ఇంకొకరిది మ్యాక్ లేదా లైనక్స్ అయితే, లేదా మీరు ఫోనులోంచి సాయం చేయాలంటే, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ముందుకొస్తాయి. రెండూ జర్మనీవే. టీమ్‌వ్యూయర్ 2005లో, ఎనీడెస్క్ సంస్థ 2014లో మొదలయ్యాయి. రెండింటి మధ్య నా దృష్టిలో పెద్ద తేడా లేదు. ఎనీడెస్క్ చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది, నెమ్మది ఇంటర్నెట్ మీద కాస్త చురుకుగా అనిపిస్తుంది. టీమ్‌వ్యూయర్‌లో సౌకర్యాలు ఎక్కువ. రెండింటికీ వర్తించే షరతు మాత్రం చాలామంది చదవరు: ఉచితం వ్యక్తిగత వాడకానికే. మీ దుకాణం లెక్కల కంప్యూటర్‌నో, ఖాతాదారుల కంప్యూటర్లనో వాటితో నడిపితే అది వ్యాపార వాడకం, డబ్బు కట్టాలి. రోజూ పది కంప్యూటర్లకు కలుపుతుంటే అవే పసిగట్టి మధ్యలో తెంపేస్తాయి. స్నేహితుల కంప్యూటర్లు బాగుచేస్తూ పోయిన ఉచిత సేవకులు కూడా కొందరు ఆ వలలో పడ్డారు. ఇంకో సంగతి, 2024 ఫిబ్రవరిలో తమ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని ఎనీడెస్కే ప్రకటించి, వినియోగదారులను పాస్‌వర్డులు మార్చుకోమంది. ఇలాంటి సేవల్లో మీ కనెక్షన్ ఆ సంస్థ యంత్రాల ద్వారా కుదురుతుంది. వారి ఇంట్లో దొంగ పడితే మీరూ ఉలిక్కిపడాలి.

దొంగల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరెత్తి బ్యాంకులను హెచ్చరించింది. మోసగాడు బ్యాంకు ఉద్యోగినని ఫోను చేస్తాడు, ఆ యాప్ పెట్టించుకుంటాడు, తెర మీద కనిపించే అంకెలు చెప్పమంటాడు. చెప్పి, అనుమతిస్తే తర్వాత వచ్చే ఓటీపీ ఇద్దరికీ ఒకేసారి కనిపిస్తుంది. తప్పు పనిముట్టుది కాదు, మంగలి కత్తి కూడా కత్తే. నేను ముందు మా ఇంట్లో ఒక నియమం పెట్టాను: మీరు చేసిన ఫోనుకే అంకెలు చెప్పండి, మీకు వచ్చిన ఫోనుకు చెప్పకండి. అది చాలదని తర్వాత తెలిసింది. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలోనూ దొంగవి ఉంటాయి, జనం తామే ఫోను చేసి మరీ మోసపోతున్నారు. ఇప్పుడు నియమం ఇంకా చిన్నది: ఆ అంకెలు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పకూడదు. జరగరానిది జరిగితే ముందు ఇంటర్నెట్ తీసేసి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు

ఇంట్లో ఒకే వైఫై మీద అంత సులువుగా కలిసిన రిమోట్ డెస్క్‌టాప్, బయటికి వెళ్ళగానే మొండికేస్తుంది. 192.168 చిరునామా మీ వీధి దాటి చెల్లదు. పాత పుస్తకాల్లో దీనికి పరిష్కారం రౌటర్‌లో 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ వాడే నంబరు గల తలుపు, తెరవడమని ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. లోకంలో తెరిచి ఉన్న 3389 తలుపుల కోసం రాత్రింబవళ్ళు గాలించే ప్రోగ్రాములు ఉన్నాయి. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. దాని ద్వారా పాస్‌వర్డు లేకుండానే పాత విండోస్‌లలోకి దూరవచ్చు. ప్రమాదం ఎంత పెద్దదంటే, అప్పటికే చేతులు దులుపుకొన్న ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మళ్ళీ మరమ్మతు విడుదల చేసింది. పైగా మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లకు సొంత బహిరంగ చిరునామా ఉండదు, కొన్ని వందల ఇళ్ళకు కలిపి ఒకటి ఇస్తారు. పోర్టు తెరిచినా ఎవరూ మీ ఇంటి దాకా రాలేరు. ఆ విధంగా మనకు తెలియకుండానే కొంత మేలు జరుగుతోంది.

కాబట్టి మిగిలినవి రెండు దారులు. సులువైనది క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్. గూగుల్ ఖాతాతో నడుస్తుంది, ఉచితం, హోమ్ ఎడిషన్‌లోనూ పనిచేస్తుంది. కనీసం ఆరంకెల పిన్ పెట్టుకుంటే బ్రౌజర్ ఉన్న ఏ కంప్యూటర్ నుంచైనా, ఫోను నుంచైనా మీ యంత్రం తెరుచుకుంటుంది. అంటే మీ గూగుల్ ఖాతాయే ఇంటి తాళంచెవి అయిందన్నమాట. రెండంచెల ధృవీకరణ పెట్టకుండా దీన్ని వాడకండి. రెండో లోపం నాకు ఆఫీసులో అనుభవమైంది. క్రోమ్‌ది మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌లా అవతలి తెరను మూయదు. నేను ఇంటి నుంచి నా జీతం చీటీ తెరిచి చూస్తున్నంత సేపూ ఆఫీసులో నా బల్ల మీది తెర వెలుగుతూనే ఉంది. మర్నాడు పక్క సీటు సహోద్యోగి ఎంతో మర్యాదగా ఆ సంగతి చెప్పాడు. అందుకే నలుగురూ తిరిగే చోట ఉన్న కంప్యూటర్‌కు ఇది వద్దంటాను. మరో ముక్క, ఆఫీసు కంప్యూటర్‌లో ఇలాంటివి పెట్టే ముందు అక్కడి ఐటీ వారి అనుమతి తీసుకోండి. నేను తీసుకోలేదు, ఆ సంభాషణ ఇక్కడ రాయను.

రెండో దారి నేను ఇప్పుడు వాడుతున్నది: టెయిల్‌స్కేల్ మీద రిమోట్ డెస్క్‌టాప్. టెయిల్‌స్కేల్ తెర చూపించదు, మౌసు కదపదు. అది మీ కంప్యూటర్లన్నిటినీ, ఎక్కడున్నా, ఒకే ఇంట్లో ఉన్నట్టు ముడివేస్తుంది. లోపల వైర్‌గార్డ్ అనే గుప్తీకరణ పద్ధతి ఉంది. ప్రతి యంత్రానికీ 100తో మొదలయ్యే ఒక చిరునామా ఇస్తుంది. మీరు ఇంట్లో 192.168 కొట్టిన చోటే ఆ 100 చిరునామా కొట్టండి, మిగతాదంతా మీరు ఆ సాయంత్రం నేర్చుకున్నదే. రౌటర్ ముట్టుకోనక్కరలేదు, ఏ పోర్టూ లోకానికి తెరవనక్కరలేదు. వ్యక్తిగత వాడకానికి ఉచితం. మొదటిసారి పెట్టుకోవడానికి అరగంట పడుతుంది, ఆ ఓపిక లేనివారు క్రోమ్‌తోనే ఉండవచ్చు.

మీ సమాచారం ఏ సంస్థ సర్వర్ గుండానూ పోకూడదనుకునే వారికి రస్ట్‌డెస్క్ ఉంది. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, చూడడానికి ఎనీడెస్క్‌కు తమ్ముడిలా ఉంటుంది, సర్వర్ మీరే నడుపుకోవచ్చు. సర్వర్ నడపడం కూడా మీకు ఒక సరదా అయితేనే అటు వెళ్ళండి.

వీఎన్‌సీ, ఎస్‌ఎస్‌హెచ్ సంగతి

దూరపు తెరను చూపే మరో పాత పద్ధతి వీఎన్‌సీ. అది 1990లలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టింది. తెరను బొమ్మగా పంపడం దాని పద్ధతి, అందుకే ఏ యంత్రం మీదైనా నడుస్తుంది. మ్యాక్‌లోని స్క్రీన్ షేరింగ్‌కు మూలం అదే. పాతకాలపు వీఎన్‌సీ పాస్‌వర్డులో మొదటి ఎనిమిది అక్షరాలనే పట్టించుకుంటుంది, పంపేదాన్ని గుప్తీకరించదు. ఇంటి వైఫై దాటించవద్దు. ఎస్‌ఎస్‌హెచ్‌ది వేరే లోకం. 1995లో ఫిన్లాండులో తాతు యులోనెన్ తమ విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులు దొంగిలించబడ్డాక రాసిన పనిముట్టు అది. బొమ్మలుండవు, నల్ల తెర మీద ఆదేశాలే. సర్వర్ల ఉద్యోగం వైపు చూస్తున్న విద్యార్థి పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి దీన్నే నేర్చుకోవాలి. పల్లెలో ఒక గీత సిగ్నల్ మీద కూడా నడిచేది ఇదొక్కటే.

అమెరికాలో ఉండి ఇక్కడి కంప్యూటర్‌ను నడిపే పిల్లలు, "సాఫ్ట్‌వేర్ మార్చినా బాణం ఆలస్యంగానే కదులుతోంది" అని విసుక్కుంటారు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్ల చొప్పున పోతుంది. మౌసు కదలిక ఇటు రావడానికి, మారిన తెర అటు పోవడానికి, తీగలు తిన్నగా వేసి ఉన్నా సెకనులో ఏడో వంతు పడుతుంది. నిజానికి తీగలు చుట్టూ తిరిగి వస్తాయి. ఆ ఆలస్యాన్ని తప్పించడం ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు. రంగుల నాణ్యత తగ్గించి, వాల్‌పేపర్ తీసేసి, మౌసు బదులు కీబోర్డు మీటలు ఎక్కువ వాడితే ప్రాణం కొంత హాయిగా ఉంటుంది.

తెలుగు టైపింగ్ గురించి ఎవరూ రాయరు కాబట్టి రెండు మాటలు. నేను పాటించే పద్ధతి, ఇవతల కీబోర్డును ఇంగ్లీషులోనే ఉంచి, అవతలి టాస్క్‌బార్‌లో భాష గుర్తు మీద నొక్కి అక్కడ తెలుగు పెట్టడం. విండోస్, స్పేస్ మీటలతో మార్చబోతే, పూర్తి తెరలో లేనప్పుడు అది మీ సొంత కంప్యూటర్‌నే మార్చేస్తుంది. డీటీపీ సెంటర్ల వారికి ఇంకో తమాషా ఎదురవుతుంది. అవతల అను ఫాంట్లలో ఉన్న పత్రిక పేజీ మీ తెర మీద ముత్యాల్లా కనిపిస్తుంది, ఎందుకంటే వచ్చేది బొమ్మ. అందులోంచి ఒక పేరా కాపీ చేసి మీ కంప్యూటర్‌లో అతికిస్తే మాత్రం పిచ్చి గీతలు పడతాయి. ఆ అక్షరాలు యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంటు లేనిచోట వాటికి అర్థం లేదు.

ఇక ఖాళీ కుర్చీకి ఏది ఎంచుకున్నా, ఊరు దాటే ముందు అవతలి కంప్యూటర్ నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను "ఎప్పుడూ వద్దు" అని పెట్టండి. లాప్‌టాప్ అయితే మూత మూసినా ఏమీ చేయవద్దని చెప్పండి. తర్వాత కరెంటు పోయినట్టు నటించి పరీక్షించండి: మెయిన్ ఆపి, మళ్ళీ వేసి, కంప్యూటర్ తనంతట తానే లేస్తుందో లేదో చూడండి. డెస్క్‌టాప్‌లలో చాలావాటికి బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే నడిచే మూల అమరికల్లో, కరెంటు తిరిగి రాగానే ఆన్ కావాలా అని అడిగే అమరిక ఉంటుంది. నేను ఈ పరీక్ష చేయకుండానే రెండోసారి తెనాలి బయలుదేరాను. మూడో రోజు హైదరాబాద్‌లో గాలివాన వచ్చి కరెంటు పోయింది. కరెంటు వచ్చింది, కంప్యూటర్ రాలేదు. ఆ ఒక్క అమరిక మార్చడానికి నేనే బస్సెక్కి వెనక్కి వెళ్ళాను. బయోస్ తెర దాకా పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లలో ఏదీ చేరదు.